పాత ఇల్లు బాగు చేయిస్తున్నారా? ముందు నీళ్ల దారి తేల్చండి

మీరు అడిగింది ఇదీ: ఇల్లు కట్టి పాతికేళ్లయింది, రెండంతస్తులు. పై బాత్రూమ్ కింద ఉన్న గది సీలింగ్‌కు తడి మరకలు పడ్డాయి. కింద హాల్లో ఒక గోడకు అడుగున రంగు ఏడాది తిరక్కుండానే పొట్టు పొట్టుగా రాలిపోతోంది. డాబా అంచు కింద స్లాబ్ పెచ్చు ఊడి చువ్వ బయటపడింది. ఇప్పుడు టైల్స్ మార్చి, రంగులు వేయించి, హాలుకూ వంటగదికీ మధ్య గోడ తీయించాలని మీ ఆలోచన. కాంట్రాక్టర్ రెండు నెలల్లో అయిపోతుందన్నారు. ఏ పని ముందు, ఏ పని తర్వాత, డబ్బు ఎక్కడ పెట్టాలి అన్నది మీ ప్రశ్న.

టైల్స్ చూడ్డానికి వెళ్లడం కొన్నాళ్లు ఆపండి. మీరు రాసిన మూడు బాధలకూ మూలం నీళ్లే. కాకపోతే మూడు చోట్లకూ మూడు దారుల్లో వస్తున్నాయి. ఆ దారులు కనిపెట్టి మూసేదాకా పైపైన ఏం చేయించినా మళ్లీ పగలగొట్టాల్సిందే. పాత ఇళ్ల పనిలో డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. మరక మీద రంగు వేస్తారు, అది ఊడాక వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తారు, అదీ ఊడాక టైల్స్ అంటిస్తారు. కారణం మాత్రం గోడలో అలాగే ఉంటుంది.

హాల్లో గోడతో మొదలుపెడదాం. గోడకు చెమ్మ నేలలోంచి ఎక్కొచ్చు, లోపలి పైపు కారి రావచ్చు, బయటి వాన గోడలోకి దిగి రావచ్చు, లేదా గదిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరు కావచ్చు. నేలలోంచి ఎక్కేది గోడ పొడవునా పట్టీలా కనిపిస్తుంది. మామూలుగా మీటరు ఎత్తు దగ్గర ఆగిపోతుంది, ఆ పై అంచున తెల్లటి ఉప్పు పూస్తుంది. పైపు కారుతుంటే మరక ఒకచోట మొదలై చుట్టూ పాకుతుంది, ఎండాకాలంలోనూ ఆరదు. వాన చెమ్మ వాన వెలిశాక ఒకటి రెండు రోజుల్లో ముదిరి తర్వాత తగ్గుతుంది, కిటికీ మూలల్లో ఎక్కువ. ఇంకా అనుమానం ఉంటే వంటింట్లో వాడే పల్చటి అల్యూమినియం రేకు ఒక అడుగు చదరం ముక్క తీసుకుని, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేప్ వేసి గోడకు అంటించండి. రెండు రోజుల తర్వాత చూడండి. రేకు పైన, గది వైపు నీటి చుక్కలుంటే గాలిలోని తేమ. రేకు వెనక తడిగా ఉంటే గోడలోంచి వస్తున్నట్టు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది నేలలోంచి ఎక్కే చెమ్మే అనిపిస్తోంది. అయితే బయటికి వెళ్లి అదే గోడను అటువైపు నుంచి చూడండి. పునాది పైన గోడ మొదలయ్యే చోట చెమ్మ పైకి ఎక్కకుండా అడ్డంగా ఒక పొర వేస్తారు, దాన్ని డీపీసీ అంటారు. కట్టినప్పుడు బయటి నేల దానికి బాగా కిందే ఉంటుంది. తర్వాత ఏళ్లలో ఆవరణలో మట్టి పోసి మెరక చేస్తారు, దాని మీద గచ్చు చేయిస్తారు, గోడకు ఆనించి మొక్కలకు మడి కడతారు. ఒక్కోసారి కొంచెం కొంచెంగా పెరిగిన ఆ నేల చివరికి డీపీసీ దాటిపోతుంది. ఇక పొర ఎంత బాగున్నా లాభం లేదు, తడి మట్టి నేరుగా పై ఇటుకలకు తగులుతుంటుంది. మొక్కలకు పోసే నీళ్లు కూడా ఆ గోడకే.

బయటి నేల డీపీసీకి కనీసం 15 సెంటీమీటర్లు కిందుండాలి. అలా లేకపోతే గోడ వెంట మట్టి తవ్వించి తగ్గించండి. నీళ్లు గోడకు దూరంగా పోయేలా వాటం ఇప్పించండి. గోడ పక్కనే డాబా నీళ్ల గొట్టం దిగుతుంటే దాని నీళ్లు ఎక్కడ పడుతున్నాయో చూడండి. ఈ పని అన్నిటికన్నా చవక. కొత్తగా కనిపించేదేమీ ఉండదు కాబట్టి ఎవరూ మొదట చేయరు, నేనైతే దీంతోనే మొదలుపెట్టమంటాను. అసలు పొరే పాడైందని తేలితే గోడ అడుగున ఇటుకల మధ్య మాలులో వరసగా రంధ్రాలు వేసి నీటిని తిప్పికొట్టే రసాయనం ఎక్కించే పద్ధతి ఉంది. అది తెలిసినవాళ్లతోనే చేయించాలి.

తర్వాత లోపలి ప్లాస్టర్. ఉప్పు పట్టిన ప్లాస్టర్‌ను మరక పై అంచు దాటి ఇంకో అర మీటరు వరకు ఇటుక కనిపించేలా చెక్కించండి. ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటూనే ఉంటుంది, కాబట్టి నేల చెమ్మ ఆగినా ఆ ప్లాస్టర్ ఆరదు. ఇక ఓపిక పట్టాలి. తడిసిన గోడ ఆరడానికి 25 మిల్లీమీటర్ల మందానికి ఒక నెల అని ఒక లెక్క ఉంది. అంటే తొమ్మిది అంగుళాల గోడకు తొమ్మిది నెలలు పట్టొచ్చు. గాలీ వెలుతురూ బాగుంటే త్వరగా ఆరుతుంది. అన్నాళ్లూ ఇటుకలు కనిపిస్తుంటే ఇబ్బందే, అందుకే కొత్త ప్లాస్టర్ వేసి, ఆవిరిని బయటికి వదిలే సున్నం లాంటి పూతతో మొదటి ఏడాదికి సరిపెట్టుకోమని నా సలహా. ఆయిల్ పెయింట్ వద్దు, ఆ గోడకు టైల్స్ అసలు వద్దు. గది వైపు నుంచి ఆరే దారి మూసేస్తే చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది.

బాత్రూమ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అన్నీ పగలగొట్టే ముందు నీళ్లు ఏ దారిన కారుతున్నాయో ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. కింది గది సీలింగ్ మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. బాత్రూమ్ వాడినా వాడకపోయినా మరక తడిగానే ఉంటే కుళాయిలకు నీళ్లు తెచ్చే పైపు మీద అనుమానం, ఎందుకంటే అందులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. కమోడ్ ఫ్లష్ చేసినప్పుడో వాష్‌బేసిన్ వాడినప్పుడో మాత్రమే తడి పెరిగితే మురుగు పైపు అతుకు. స్నానం చేసిన రోజే పెరిగితే నేల, లేదా షవర్ దగ్గరి గోడ. రాత్రి అన్ని కుళాయిలూ కట్టేసి, ట్యాంకులోకి నీళ్లు రాకుండా ఆపి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. తెల్లవారేసరికి మట్టం దిగితే నీళ్లు ఎక్కడో పోతున్నట్టే. తర్వాత నేల మీది ట్రాప్‌కు (నీళ్లు బయటికి పోయే జాలీ కింది భాగానికి) గుడ్డ బిగించి, రెండు రోజులు ఆ బాత్రూమ్ ఎవరూ వాడకుండా, నేల మీద మాత్రం రెండు మూడు సెంటీమీటర్లు నీళ్లు నిలబెట్టి కింద చూడండి. ఈ నాలుగైదు పరీక్షలతో మేస్త్రీ వచ్చి చెప్పే దానికన్నా మీకే ఎక్కువ తెలుస్తుంది.

నేలే కారుతోందని తేలితే టైల్స్ సందుల్లో సిమెంట్ నింపితే సరిపోతుందనే మాట నమ్మకండి. టైల్స్ నీళ్లను ఆపవు, వాటి కింద ఉండే పొర ఆపాలి. సందుల్లోంచి కొంత తడి ఎప్పుడూ కిందికి దిగుతుంది. కాబట్టి పాత గచ్చు స్లాబ్ వరకు తీయించాలి. పైపులు స్లాబ్‌లోంచి దిగే చోట చుట్టూ ఉన్న వదులు కాంక్రీట్ చెక్కించి, ఆరాక కుంచించుకుపోని గ్రౌట్‌తో (సందులు నింపే సిమెంట్ మిశ్రమంతో) నింపాలి. లీకులు ఎక్కువగా ఉండేది ఆ రంధ్రం చుట్టూనే. నేలా గోడా కలిసే మూలలను సిమెంట్ మాలుతో గుండ్రంగా తిప్పాలి, నిటారు మూలలో పూత చీలుతుంది.

ఇక్కడ చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. వాటం టైల్స్ పైన ఇస్తారు కానీ కింద వాటర్‌ప్రూఫ్ పూత వేసే చోట ఇవ్వరు. టైల్స్ కిందికి దిగిన తడి ఆ పూత మీద చేరి ఎటూ పోలేక మాలులోనే నిలిచిపోతుంది. కొన్ని నెలలకు నేల నుంచి వాసన వస్తుంది, బాత్రూమ్ గుమ్మం బయట గోడకు చెమ్మ మొదలవుతుంది. అందుకే ముందు స్లాబ్ మీదే మాలుతో ట్రాప్ వైపు మీటరుకు సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లు వాటం ఇప్పించి, దాని మీద పూత వేయించండి. ఆ పూతను ట్రాప్ నోటి లోపలికి దించాలి, ట్రాప్ చుట్టూ ఆపేయకూడదు. అప్పుడు టైల్స్ కింద చేరిన తడి కూడా ట్రాప్‌లోకే పోతుంది. మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి ట్రాప్ అంచు చూడండి. పూత అంచు మీదుగా లోపలికి వంగి కనిపించాలి. గుమ్మం కింద కూడా పూత ఆగకుండా సాగాలి.

పూత రెండు సార్లు వేయాలి. మొదటిది ఒకవైపుగా లాగితే రెండోది దానికి అడ్డంగా. గోడల మీద చుట్టూ ఒక అడుగు ఎత్తుకు, షవర్ ఉన్న గోడకు మనిషెత్తు వరకు ఎక్కించాలి. డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చాక ట్రాప్ మూసి నీళ్లు నింపి 24 గంటలు, వీలైతే 48 గంటలు నిలబెట్టండి. గోడకు మట్టం గుర్తు పెట్టండి, కింది గది సీలింగ్ చూడండి. ఈ పరీక్ష మీరు అక్కడ ఉండగా జరగాలి, నిలబెట్టే గంటలు తగ్గించకూడదు. అలాగే నీళ్ల పైపులను గోడలో పూడ్చే ముందు చేతి పంపుతో ఒత్తిడి పరీక్ష చేయించండి. వాడుక ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి, ఒత్తిడి చూపే ముల్లు కొన్ని గంటలు కదలకుండా ఉందో లేదో చూడాలి. ట్యాంకు ఎత్తు కుళాయికి పది మీటర్లు పైన ఉంటే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. ప్రెజర్ పంపు పెట్టే ఆలోచన ఉంటే దాని ఒత్తిడిని లెక్కలోకి తీసుకోండి.

కింది గది సీలింగ్‌కు కింద నుంచి వాటర్‌ప్రూఫ్ పూత వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నీళ్లను అవి వచ్చే వైపే ఆపాలి. కింద నుంచి మూస్తే స్లాబ్‌లోనే నిలిచి చువ్వలను తుప్పు పట్టిస్తాయి.

తుప్పు మాట వచ్చింది కాబట్టి డాబా అంచు చూద్దాం. ఇనుము తుప్పుగా మారితే పరిమాణం రెండింతలకు మించి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీట్ పెచ్చుగా ఊడుతుంది. ఊడిన చోట సిమెంట్ మెత్తితే తుప్పు లోపల అలాగే సాగి, పక్కన ఇంకో పెచ్చు రాలుతుంది. చిన్న సుత్తితో చుట్టూ తట్టి చూడండి. గట్టి కాంక్రీట్ ఖణేల్‌మంటుంది, లోపల వదిలింది డొల్లగా పలుకుతుంది. డొల్లగా ఉన్నదంతా చెక్కి, చువ్వ వెనక కూడా వేలు దూరేంత ఖాళీ చేయాలి. తుప్పును వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకి, తుప్పు ఆపే పూత వేసి, పాలిమర్ కలిపిన రిపేర్ మాలుతో పొరలు పొరలుగా నింపాలి. చువ్వ బాగా సన్నబడితే పక్కన కొత్త చువ్వ కలపాలా వద్దా అన్నది ఇంజనీర్ తేల్చాలి. ఒక అంచుకే పరిమితమైతే కంగారు పడనక్కర్లేదు. దూలాల్లోనో స్తంభాల్లోనో చువ్వ వెంబడి పగుళ్లు కనిపిస్తే మాత్రం మిగతా పనులన్నీ ఆపి ముందు ఇంజనీర్‌ను పిలవండి.

ఆ చువ్వ తడిసింది ఎందుకో కూడా చూడాలి కదా. డాబా మీద బకెట్‌తో నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి. వాన వెలిసిన గంట తర్వాత ఎక్కడైనా మడుగు నిలిస్తే అక్కడ వాటం లేదని అర్థం. మీటరుకు ఒక సెంటీమీటరు ఉంటే చాలు. పిట్టగోడ అడుగున డాబాతో కలిసే గీత, గొట్టం మొదలయ్యే చోటు, ఇవే బలహీనమైన చోట్లు. సజ్జల అడుగున అంచుకు దగ్గరగా సన్నటి గాడి ఉండాలి. అది లేకపోతే వాన నీళ్లు సజ్జ కింద పాకి గోడలోకి వెళ్తాయి.

హాలుకూ వంటగదికీ మధ్య గోడ గురించి ఇక్కడి నుంచి చెప్పడం నాకు సరికాదు, చెప్పేవాళ్లను మీరూ నమ్మొద్దు. పైగోడో దూలమో స్లాబో దాని మీద ఆని ఉండొచ్చు. తొమ్మిది అంగుళాల గోడ అయితే అనుమానం మరీ ఎక్కువ, కానీ సన్నగా ఉన్నంత మాత్రాన బరువు మోయడం లేదని కాదు. స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చి పైఅంతస్తుతో కలిపి చూసి, కాగితం మీద రాసి ఇచ్చాకే సుత్తి పడాలి. ఆయన ఫీజు ఈ మొత్తం ఖర్చులో చిన్న భాగం. వైరింగ్ కోసం, పైపుల కోసం గోడల్లో గాళ్లు కొట్టేటప్పుడు కూడా లెక్క ఉంది: నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు మించకూడదు, అడ్డగాడి ఆరో వంతు మించకూడదు. దూలం, స్తంభం జోలికి అసలు పోకూడదు. పైపు వంకరగా పోవాల్సి వచ్చినా సరే, చుట్టూ తిప్పమనండి.

పాత గచ్చు మీదే కొత్త టైల్స్ వేస్తామంటారు కాబట్టి ఒక లెక్క చెబుతాను. ఐదు సెంటీమీటర్ల మాలు, దాని మీద టైల్ కలిపి చదరపు మీటరుకు సుమారు 125 కిలోలు. నాలుగు మీటర్లకు ఐదు మీటర్ల గదిలో అది రెండున్నర టన్నులు. పైఅంతస్తులో, అదీ పెచ్చులూడుతున్న స్లాబ్ మీద అంత బరువు ఊరికే పెట్టకూడదు. తలుపులు కోయాల్సి వస్తుంది, మెట్లలో చివరి మెట్టు ఎత్తు మారి కాళ్లు తడబడతాయి. పాతది గట్టిగా అంటుకుని ఉంటే పల్చటి టైల్ అడెసివ్‌తో వేయొచ్చు, అప్పుడు బరువు బాగా తగ్గుతుంది. లేదంటే పాతది తీయించండి.

కరెంటు గురించి రెండు మాటలే. పాతికేళ్ల వైర్లు ఎలాగూ మార్చాలి. లైట్లకు 1.5, మామూలు సాకెట్లకు 2.5, గీజర్, ఏసీలకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పెద్ద వాటికి ఒక్కోదానికి విడి లైను. ఎర్తింగ్ కొలిపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి, తడి చేతులతో స్విచ్ ముట్టుకునే ఇంట్లో ప్రాణం కాపాడేది అదే.

ఇక వరస. ముందు బయటి నేల, డాబా, స్లాబ్ రిపేరు. ఆ తర్వాత ఇంజనీర్ ఒప్పుకుంటే గోడ తీయడం. దుమ్ము పని అంతా అయ్యాక పైపులు, వైరింగ్, బాత్రూమ్ పూతలు, పరీక్షలు. ప్లాస్టర్‌తో మూసే ముందు ప్రతి గోడకూ టేపు పట్టి కొలత కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత మేకు కొట్టేటప్పుడు ఆ ఫోటో మీకు ఎంత పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది. ప్లాస్టర్‌కు కనీసం ఏడు రోజులు నీళ్లు కొట్టించాలి, ఆ తర్వాత నాలుగు వారాలైనా ఆరనిచ్చి లప్పం, రంగు. ఇటుక గోడ కాంక్రీట్ స్తంభాన్ని కలిసే గీత మీద ప్లాస్టర్‌కు ముందు కోడి వల (చికెన్ మెష్ అనే సన్నటి ఇనుప వల) కొట్టిస్తే అక్కడ నిలువు బీట రాదు. ఇవన్నీ కలిపితే రెండు నెలల్లో అయ్యే పని కాదు. పనివాళ్లు బద్ధకస్తులు కానక్కర్లేదు, ఆరాల్సినవి ఆరాలి. తొందరపెడితే రంగు కింద తడి ఉండిపోతుంది.

కాంట్రాక్టర్‌తో రాసుకునే కాగితంలో డబ్బును తేదీలతో కాకుండా పరీక్షలతో ముడిపెట్టండి. బాత్రూమ్ నీళ్ల పరీక్ష నిలిచాక ఒక వాయిదా, పైపుల ఒత్తిడి పరీక్ష అయ్యాక ఇంకోటి, ఇలాగ. చివర ఐదు నుంచి పది శాతం ఒక వానాకాలం గడిచాక ఇస్తానని మొదటే చెప్పి రాయించండి. మంచి కాంట్రాక్టర్ దీనికి ఒప్పుకుంటారు. మొదటే ఒప్పుకోని మనిషి తర్వాత లీకేజీ వస్తే ఫోన్ ఎత్తుతారని నాకు నమ్మకం లేదు. పాత ఇల్లు కాబట్టి అంచనా మీద 15 నుంచి 20 శాతం విడిగా పెట్టుకోండి. గచ్చు తీశాక, ప్లాస్టర్ చెక్కాక ఏదో ఒకటి బయటపడుతుంది.

డబ్బు సరిపోకపోతే టైల్స్ రకం తగ్గించుకోండి, కప్‌బోర్డులు, గోడ తీయడం వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. వాటర్‌ప్రూఫ్, పైపులు, వైర్లు, ఇంజనీర్ ఫీజు మాత్రం తగ్గించకండి. ఫాల్స్ సీలింగ్ కూడా ఇప్పుడే వద్దు. పై బాత్రూమ్ బాగు చేయించాక ఆ స్లాబ్ అడుగు ఒక ఏడాది కంటికి కనపడాలి. మరక మళ్లీ మొదలైతే చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు. పాత మరక చుట్టూ మీరు గీసిన పెన్సిల్ గీత అక్కడే ఉంచి, ఆ ఒక్క ముక్కకు రంగు చివర్లో వేయించండి.